నేల తాకిన బంతి

హిందూపురంలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఈమధ్య చెక్కగానుగ నూనెల అంగడి ఒకటి తెరిచారు. వేరుశనగ నూనె కోసం పోయిన నేను, అంగడి ఆమె రేకు డబ్బా మూత తీసి మరెవరికో ఆముదం కొలిచి పోస్తుంటే ఉన్నచోటనే నిలబడిపోయాను. చిక్కగా, కాస్త వెగటుగా గొంతులోకి దిగే ఆ వాసన చాలామందికి పురిటింటినో, తలంటు రోజునో, ముక్కు మూసి బలవంతంగా తాగించిన పెద్దవాళ్లనో గుర్తుచేస్తుంది. నాకు మాత్రం తోలు గుర్తొస్తుంది. ఎండకు బిరుసెక్కి అట్టల్లా వంగకుండా మొండికేసిన నాలుగు తోలు గ్లౌజులు, వాటిని ఒళ్లో పెట్టుకుని ప్రతి శుక్రవారం సాయంత్రం బడి వసారాలో వరసగా కూర్చుని వేళ్ల సందుల్లోకంటా ఆముదం పట్టించే పదమూడు మంది ఆడపిల్లలు. పందొమ్మిది వందల అరవైల మధ్యలో మా ఊళ్లో సాఫ్ట్‌బాల్ అనే మాట విన్నవాళ్లే తక్కువ. మా బడి పిల్లలు దాన్ని ఆడారు. నేను ఆడలేదు, వాళ్లు ఆడినదాన్ని పుస్తకంలో రాశాను.

మా సొంతూరు చెన్నేకొత్తపల్లికి నాలుగు మైళ్ల దూరంలో ఒక పల్లె. శనక్కాయలు పీకే కాలంలో ఊరంతా పచ్చి మన్ను వాసన, ఆ వెనకే కాయలు ఉడికే కుండల ఆవిరి, కాయలు ఒలిచి ఒలిచి గోళ్లు నల్లబడిన ఆడవాళ్ల కబుర్లు. చలికాలం వస్తే అనపకాయలు. మా అవ్వ వాటి గింజల్ని నానబెట్టి, ఒక్కొక్క గింజా వేళ్ల మధ్య నొక్కి పొట్టు ఊడదీసి, పితికిన పప్పుతో పులుసు కాచి, వేడి సంగటి ముద్దకు మధ్యలో గుంట చేసి అందులో పోసేది. మా ఊళ్లో బడి అయిదో తరగతితో సరి. నన్ను పై చదువు చదివించాలని నాయనకు పట్టుదల. అందుకే హిందూపురంలో చింతపండు మండీ నడిపే చిన్నాయన ఇంట్లో నన్ను దింపి, చిన్నమ్మ చేతికి అనపకాయల మూట ఇచ్చి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయాడు. చిన్నాయన కూతురు సుశీలదీ నాదీ ఒకే ఈడు. ఒకే గదిలో ఒకే చాప మీద పడుకునేవాళ్లం. పొద్దున్నే చిన్నమ్మ ఇద్దరికీ ఒకే దువ్వెనతో జడలు వేసేది, ముందు సుశీలకు, తరువాత నాకు. ఉగాదికి ఓళిగలు చేసినా, శ్రావణంలో కొత్త బట్టలు తెచ్చినా నాకు ఏదీ తక్కువ చేసేది కాదు. అయినా అది నా ఇల్లు కాదని నాకు తెలుసు. ఎవరూ చెప్పకుండానే పిల్లలకు తెలిసే సంగతుల్లో అదొకటి.

మేం తొమ్మిదిలో ఉండగా కమలాక్షి టీచర్ ఆటల టీచరుగా బెంగుళూరు వైపు నుంచి వచ్చింది. సన్నగా, పొడుగ్గా, చీర కొంగును నడుముకు గట్టిగా దోపుకుని, మెడలో ఈల వేసుకుని నడిచే ఆమె మాటలో సగం కన్నడం. ప్రతి మాటకూ ముందు ‘నోడమ్మా’ అనేది, చూడమ్మా అని. ఆమెతో పాటు రెండు కర్రలు, నాలుగు గ్లౌజులు, తెల్లటి పెద్ద బంతులు మూడు ఒక గోనె సంచిలో వచ్చాయి. అప్పటిదాకా అచ్చనగండ్లు, కుంటుబిళ్ల, ఖోఖో తప్ప తెలియని మేం రైలు స్టేషను వైపున్న ఎర్రమన్ను మైదానంలో నాలుగు మూలలా గోనెసంచుల్లో ఇసుక నింపి పరిచాం. ఒక మూల సంచికి బదులు సున్నం పూసిన చెక్క పలక. ఆ పలక పక్కన నిలబడిన పిల్ల కర్రతో బంతిని కొట్టి, సంచి నుంచి సంచికి పరిగెత్తి, చుట్టూ తిరిగి మళ్లీ పలక దగ్గరికి వస్తే ఒక పరుగు. బంతి విసిరే పిల్లను పిచ్చర్ అంటారు, చేతిని కింది నుంచి ఊపి విసరాలి. కొట్టే పిల్ల వెనక గొంతుకు కూర్చుని, కొట్టకుండా వదిలేసిన బంతిని పట్టే పిల్ల క్యాచర్. ఆటంటే ఇంతే. మైదానం అంచున మేకలు కాసుకునే ముసలాయన కూడా రెండు వారాల్లో ‘పరిగెత్తు పాపా, పరిగెత్తు’ అని సరైన సమయానికి అరిచేంత నేర్చుకున్నాడు.

నాకు మాత్రం ఆ ఆట మూడు రోజులే దక్కింది. నాలుగో రోజు నేరుగా వచ్చిన బంతికి వేళ్లు చాపి ఎదురుపోయాను. ఎడమచేతి ఉంగరపు వేలు విరిగింది. కోడిగుడ్డు తెల్లసొన రాసి, వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టారు. కట్టుతో మైదానం అంచున ముఖం వేలాడేసుకుని కూర్చున్న నన్ను చూసి కమలాక్షి టీచర్ గళ్ల గళ్ల పుస్తకం ఒకటి, రెండు పెన్సిళ్లు తెచ్చి ఒళ్లో పెట్టింది. ‘నోడమ్మా సరోజా, నీ అక్షరం చక్కగా ఉంది. ఇకమీద ఈ టీముకు కన్ను నువ్వే’ అంది.

ఆ పుస్తకం నాకు పెద్ద చదువైంది. మైదానంలో నిలబడే తొమ్మిది మందికీ తొమ్మిది అంకెలు. పిచ్చర్ ఒకటి, క్యాచర్ రెండు, అలా ఎడమ, మధ్య, కుడి చివరల దాకా. ఎవరైనా బంతిని జారవిడిస్తే ఇంగ్లీషు ‘ఈ’ అక్షరం వేసి పక్కన ఆ పిల్ల అంకె వేయాలి. ఈ అంటే ఎర్రర్, తప్పు. అయితే ఏది తప్పు, ఏది కాదు అన్నదే అసలు విద్య. టీచర్ పక్కన కూర్చుని ఓపికగా చెప్పేది. మామూలు కష్టంతో అందాల్సిన బంతి చేతిలోంచి జారి, దానివల్ల అవతలి పిల్లకు ఒక సంచి దూరం లాభించినా, అవుట్ కావాల్సినది బతికిపోయినా అది తప్పు. రాయికి తగిలి బంతి ఒక్కసారిగా ఎగిరి భుజం మీదుగా పోతే తప్పు కాదు, కొట్టిన పిల్లదే గెలుపు. ఎండ కళ్లలో పడి బంతి కనిపించకపోయినా తప్పు కాదు. నువ్వు పట్టు నువ్వు పట్టు అంటూ ఇద్దరు పిల్లలు ఆగిపోయి బంతి మధ్యన పడితే, నవ్వొచ్చినా సరే, ఎవరి మీదా రాయకూడదు. నెమ్మదిగా కదిలిన పిల్ల మీద రాయకూడదు. ఏ సంచికి విసరాలో తెలియక వేరే సంచికి విసిరిన పిల్ల మీద కూడా రాయకూడదు.

‘అది తెలివితక్కువ కాదా టీచర్?’ అని అడిగాను.

‘నోడమ్మా, మనసులో ఏమనుకుందో నీకు కనిపించదు. చెయ్యి ఏం చేసిందో కనిపిస్తుంది. కనిపించిందే రాయి’ అంది.

అన్నిటికన్నా చిక్కు పిచ్చర్‌కూ క్యాచర్‌కూ మధ్యది. పిచ్చర్ విసిరిన బంతి క్యాచర్‌ను దాటి వెనక్కి పోయి, అదను చూసి అవతలి పిల్ల ముందుకు పరిగెత్తిందంటే, ఆ నేరం ఇద్దరిలో ఒకరిది. మామూలుగా ఆపగలిగిన బంతిని క్యాచర్ వదిలేస్తే ‘పీ.బీ.’ అని రాయాలి, పాస్‌డ్ బాల్. క్యాచర్‌కు అందనంత ఎత్తుగానో, దూరంగానో, పలకకు ముందే నేలను తాకేలాగానో విసిరితే ‘డబ్ల్యూ.పీ.’, వైల్డ్ పిచ్. అది పిచ్చర్ ఖాతాలో పడుతుంది. అంపైరుకు దీంతో పని లేదు. పరుగు వచ్చిందా లేదా అన్నంతవరకే ఆయన చెబుతాడు. ఎవరి వల్ల వచ్చిందో చెప్పేది స్కోరు రాసే మనిషి ఒక్కతే. ఆమె రాసిందే నిజం.

మా పిచ్చర్ సుశీల. బలమైన చెయ్యి, నిబ్బరమైన చూపు, ఓడిపోవడం బొత్తిగా గిట్టదు. మా క్యాచర్ మాబున్ని. పాత్రలకు కళాయి పూసే కాశింసాబు గారి ఒక్కగానొక్క కూతురు. వాళ్ల అంగడి మా వీధి చివరే. కొలిమి తిత్తి ఊదే బుసబుస, ఎర్రగా కాలిన ఇత్తడి గిన్నెలో నవాసాగరం చల్లగానే లేచే తెల్లటి ఘాటైన పొగ, ఆ పొగలోంచి గుడ్డముక్కతో ఒక్క చుట్టు తిప్పగానే గిన్నె లోపల వెన్నెల పరుచుకున్నట్టు మెరిసే తగరం, బడికి పోతూ రోజూ నిలబడి చూసేవాళ్లం. మాబున్ని తల్లి చిన్నప్పుడే పోయింది. మేనత్త వాళ్లింట్లోనే ఉండి పెంచింది. క్యాచర్ ముఖానికి ఇనుప జాలీ ఉండాలని, బడిలో అది లేదని తెలిసి కాశింసాబు గారు రెండు రోజులు పని మానుకుని ఇనుప తీగ వంచి, అతికి, లోపల దూది కుట్టిన గుడ్డ పెట్టి మాస్కు చేసిచ్చాడు. ‘ముఖం నేను కాపాడతా, బంతి నువ్వు చూసుకో’ అన్నాడట. ఈడొచ్చిన పిల్ల మైదానంలో ఎగరడమేమిటని మేనత్త రోజూ గొణిగేది. ఆయన ఆమెకు ఒకటే జవాబు చెప్పేవాడు. ‘అనంతపురం పోయి ఆడొస్తాదిలే అక్కా, ఈ ఒక్కేడు ఆడనీ.’

ఆ అనంతపురం సంగతేమిటంటే, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడు బళ్ల నుంచీ మంచి పిల్లల్ని ఏరి ఒక టీము కట్టి అక్కడి పోటీలకు పంపాలని ఆ ఏడు పెద్దవాళ్లు అనుకున్నారు. ఏరేది ధర్మవరంలో ఒక పెద్దాయన, అక్కడి బడిలో డ్రిల్లు మాస్టరు. ఆయన అన్ని మ్యాచులకూ రాలేడు. అందుకని స్కోరు పుస్తకాలు తెప్పించుకుని చూసి పేర్లు రాస్తానన్నాడు. క్యాచర్ చోటుకు మాబున్నికీ, పెనుకొండ పిల్ల ఒకామెకూ పోటీ.

ఆఖరి మ్యాచు మాకూ ధర్మవరానికీ పెనుకొండలో జరిగింది. డ్రిల్లు మాస్టరు దానికి రాలేదు. చలికాలం పొద్దున బొగ్గు రైల్లో పోయాం. చిన్నమ్మ తెల్లవారుజామునే లేచి బొరుగులు నానబెట్టి చేసిన ఉగ్గాని, బజ్జీలు రెండు అరిటాకు పొట్లాలుగా కట్టి ఒకటి సుశీలకూ ఒకటి నాకూ ఇచ్చింది. కిటికీలోంచి వచ్చిన బొగ్గు నుసి కళ్లలో పడకుండా మాబున్ని మాస్కు తగిలించుకుని కూర్చుంటే డబ్బాలో వాళ్లంతా వింతగా చూశారు. పెనుకొండలో దిగేసరికి కొండ మీది కోటగోడల మీద మంచు ఇంకా వదల్లేదు. కొండకింద బోసి మైదానం. పలకకు ఆరడుగుల పక్కన బల్ల వేసి నన్ను కూర్చోబెట్టారు. మధ్యాహ్నం దాకా ఆట సాగింది. నేను ఆ రోజు రాసినంత శుభ్రంగా ఎప్పుడూ రాయలేదు. ఏడో ఇన్నింగ్సు, అంటే ఆఖరిది, వచ్చేసరికి రెండు వైపులా సమానం. ధర్మవరం పిల్ల ఒకామె మూడో సంచి మీద నిలబడి ఉంది. ఆమె పలక దాకా వచ్చిందంటే మేం ఓడినట్టే.

సుశీల చెయ్యి అలిసిపోయింది. నాకు తెలుస్తూనే ఉంది. ఆమె విసిరిన బంతి కిందికి వచ్చింది, ఇంకా కిందికి వచ్చింది, పలకకు జానెడు ముందు నేలను తాకింది. ఎర్రటి దుమ్ము గుప్పున లేచింది. మాబున్ని మోకాళ్ల మీద పడి రెండు చేతులూ అడ్డం పెట్టింది కానీ బంతి పక్కకు తిరిగి ఆమె మోచేతి కిందుగా దూరి వెనక కంపచెట్లలోకి పోయింది. మూడో సంచి మీది పిల్ల పరిగెత్తుకొచ్చి పలకను తొక్కింది. ధర్మవరం పిల్లలు గెంతులేశారు.

ఆ క్షణంలో సుశీల నా వైపు తిరిగి చూసింది. చెమటతో తడిసి ముఖానికి అతుక్కున్న జుట్టు. పొద్దున అదే జడను చిన్నమ్మ వేస్తుంటే నా వంతు కోసం పక్కన కూర్చుని ఉన్నాను. నా పెన్సిలు గడిలో ‘పీ.బీ.’ అని రాసింది. రాసిన మరుక్షణం రబ్బరు నా పక్కనే ఉంది. తీసుకోలేదు.

తిరుగు రైల్లో మాబున్ని నా ఎదుట కూర్చుని మాస్కు తీగల మధ్య ఇరుక్కున్న మన్నును పుల్లతో తీస్తూ, తలెత్తి అడిగింది. ‘సరోజా, బంతి నేల తగిలిందా? నువ్వు దగ్గర్నుంచి చూసినావు గదా.’

‘లేదు మే’ అన్నాను.

‘అవునా’ అంది. మళ్లీ మన్ను తీసుకోసాగింది.

వారం తిరక్కుండా ధర్మవరం నుంచి పేర్లొచ్చాయి. పిచ్చర్ సుశీల. క్యాచర్ పెనుకొండ పిల్ల. చిన్నమ్మ ఆ రోజు సేమ్యా పాయసం చేసింది. నేనూ తాగాను. మరునాటి నుంచి మాబున్ని బడికి రాలేదు. కాశింసాబు గారు అక్కకు చెబుతూ వచ్చిన ఒక్క జవాబూ చెల్లకుండా పోయింది. ‘అనంతపురమూ లేదు, గినంతపురమూ లేదు. ఇంక ఇంటిపట్టున ఉండనీ’ అని మేనత్త గట్టిగా పట్టుకుంటే ఆయన తల వంచుకున్నాడని వీధిలో అనుకున్నారు. బడి మానేసిందా అని కమలాక్షి టీచర్ నన్ను అడిగింది. తెలీదన్నాను. అబద్ధం ఒకటి ఆడితే దాని వెనక ఎన్ని వస్తాయో ఆ రోజుల్లో లెక్కపెట్టుకోవడం కూడా మానేశాను. సుశీల నిద్రపోయాక ఆ గడి, ఆ రెండక్షరాలు కళ్ల ముందు ఆడేవి. తెల్లారితే బింకంగా లేచేదాన్ని.

ఒక గురువారం సాయంత్రం బడి నుంచి వస్తూ వాళ్ల అంగడి వెనక దోవలో పోయాను, ముందు దోవలో పోవడానికి ముఖం చెల్లక. అంగడి వెనక మట్టిగోడ. గోడకు పది అడుగుల దూరంలో మాబున్ని మోకాళ్ల మీద కూర్చుని ఉంది. పాత గుడ్డలు చుట్టి నులకతో బిగించిన బంతిని గోడ మొదట్లోకి, మూలకు కొడుతోంది. అది నేలను తాకి ఎటుపడితే అటు తిరిగి వస్తుంటే చేతులు, ఛాతీ అడ్డం పెట్టి ఆపుతోంది. ఆగినదాన్ని తీసుకుని మళ్లీ కొడుతోంది. మోచేతులు గీసుకుపోయి ఉన్నాయి. ఒక్కో బంతికి పెదవులు కదులుతున్నాయి, లెక్కపెట్టుకుంటోందనుకుంటాను. నేను రాసిన తప్పును ఆమె తన చేతుల్లోంచి పోగొట్టుకోవాలని చూస్తోందనిపించింది. లేని తప్పును ఎన్నాళ్లు కొడితే పోతుంది?  ఆమె చూడకముందే వెనక్కి తిరిగి వచ్చేశాను.

మరునాడు పొద్దున బడి గంట కొట్టకముందే కమలాక్షి టీచర్‌కు చెప్పేశాను. ఆమె ఈల తాడును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ అంతా విన్నది. తిట్టలేదు. ‘చూసే రాసినావా, చూడక రాసినావా?’ అని ఒక్కటే అడిగింది.

‘చూసే రాస్తి టీచర్.’

‘రాసింది దిద్దుకోవడానికి ఒక్క రోజు గడువుంటుంది. అది ఎప్పుడో దాటిపోయింది’ అని ఈల తాడును వేలి నుంచి పూర్తిగా విప్పేసి, ‘రేపు పొద్దున స్టేషనుకు రా’ అంది.

శనివారం ఇద్దరం ధర్మవరం పోయాం. స్టేషను నుంచి నడిచిపోతుంటే ప్రతి ఇంట్లోంచీ మగ్గాల చప్పుడు, ఎండలో కర్రలకు వేలాడే రంగు తడి ఆరని పట్టుపోగులు. డ్రిల్లు మాస్టరు ఇంటి అరుగు మీద పత్రిక చదువుకుంటున్నాడు. టీచర్ మాట్లాడుతుందనుకున్నాను. ఆమె నన్ను ముందుకు తోసి తాను వెనక నిలబడింది. నేను చెప్పినదంతా విని ఆయన లోపలికి పోయి మా పుస్తకం తెచ్చాడు. కళ్లజోడు సవరించుకుని ఆ గడి చూశాడు.

‘లిస్టు అనంతపురం పోయింది పాపా. ఇంక మార్చేకి కాదు’ అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. ఆయన జేబులోంచి పెన్ను తీసి నాకిచ్చాడు. ‘లిస్టు మారదు. పుస్తకం మారుతుంది. నువ్వే కొట్టెయ్, నువ్వే రాయి, కింద నీ పేరు పెట్టు’ అన్నాడు. పెన్సిలు గీత మీద సిరాతో గీత గీసి డబ్ల్యూ.పీ. అని రాసి, కింద సంతకం పెట్టాను. ఆయన ఆ పక్కనే తన పొడి అక్షరాలు వేసి, పుస్తకాన్ని టీచర్ చేతిలో పెట్టాడు. ‘వచ్చే ఏడు ఆ క్యాచర్‌ను నాకు చూపియండి’ అన్నాడు.

ఆదివారం సాయంత్రం పుస్తకం చంకలో పెట్టుకుని వాళ్లింటికి ఒక్కదాన్నే పోయాను. కాశింసాబు గారు కొలిమి ఆర్పుతున్నాడు. మాబున్ని తోమిన గిన్నెలు బోర్లిస్తోంది. పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టాను. ఆయన చదువుకోలేదు, గీతల్ని మాత్రం పరీక్షగా చూశాడు.

‘ఏముందమ్మా దీంట్లో?’

‘ఆ పొద్దు తప్పు మాబున్నిది కాదు మామా. బంతి నేల తగిలింది. నేను చూస్తి. చూసి గూడా అబద్ధం రాస్తి.’

ఆయన ముఖంలో కోపం రాలేదు. వస్తే బాగుండునని నేను ఎదురుచూశాను. మసి చేతుల్ని గుడ్డకు తుడుచుకుంటూ, ‘నాకు చెప్తే ఏమొస్తాదమ్మా? లోపల మా అక్కుండాది. పోయి ఆమెకు చెప్పు, ఇదే మాట’ అన్నాడు.

లోపలికి పోయి బియ్యం ఏరుకుంటున్న మేనత్త ఎదుట నిలబడి అదే మాట మళ్లీ చెప్పాను. ఆమె చేట పక్కన పెట్టి నన్ను కింది నుంచి పైదాకా చూసింది. ‘మీ ఇంటి పిల్ల కోసమా?’ అంది. తల ఊపాను. ‘మా పిల్ల పదైదు దినాలు అన్నం సరిగ్గా తినలేదు, తెలుసునా నీకు?’ అంది.  చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. ఎవరితోనూ కాదన్నట్టు బియ్యంతో చెప్పింది. ‘రేపు బడికి పోనీలే.’

బయటికొస్తే మాబున్ని గోడ దగ్గర నిలబడి ఉంది.  ఆమే అంది.

‘నాకు తెలుసు. మాస్కు సందుల్లోంచి మన్ను నోట్లోకొచ్చింది గదా. నేల తగలకపోతే మన్ను యాడ్నుంచి వస్తాది?’

‘మరి రైల్లో నన్నెందుకు అడిగితివి?’

‘నువ్వు చెప్తావేమోనని.’

ఇన్నేళ్ల జీవితంలో నన్ను తిట్టినవాళ్లున్నారు, కొట్టినవాళ్లున్నారు. ఆ మాటంత లోతుగా ఏదీ దిగలేదు. అయినా అడిగాను. ‘తెలిసి గూడా గోడకాడ ఆ బంతులు ఎందుకు పడతాండావు?’

‘నేల తగిలిన బంతిని గూడా ఆపల్ల గదా’ అంది. ‘నేను ఆపింటే సుశీలకూ తప్పుండేది కాదు, నీకూ ఉండేది కాదు.’

సంగతి తెలిశాక ఇంట్లో మాత్రం గాలి మారిపోయింది.  ‘మా ఇంట్లో తిని మా పిల్ల మీదే రాస్తివా’ అని చిన్నమ్మ ఒక్కసారే అంది. ఆ తరువాత అన్నం వడ్డిస్తూ నా ముఖం చూడటం మానేసింది. జడలు నేనే వేసుకోవడం నేర్చుకున్నాను. సుశీల వేరే చాప తెచ్చి కిటికీ కింద పరుచుకుంది. మూడో రోజు, అటు తిరిగి పడుకునే, ‘పీ.బీ. అని రాయమని నీకు నేను చెప్పితినా?’ అంది. చెప్పలేదు. ఆమె చూసిన చూపుకు అర్థం నేనే కల్పించుకున్నాను. ఓడిపోయిన పిల్ల ఎటో ఒకవైపు చూస్తుంది, ఆ రోజు నా వైపు చూసింది, అంతే. ఈ సంగతి నాకు చాలా ఏళ్ల తరువాత గానీ పూర్తిగా అర్థం కాలేదు. ఆమె అనంతపురం పోయి బాగా ఆడి వచ్చింది. వేసవి సెలవుల తరువాత మళ్లీ నాతో మామూలుగానే మాట్లాడింది, నా చాప మీదికి మాత్రం తిరిగి రాలేదు.

స్కోరు పుస్తకాన్ని టీచర్ నా దగ్గర్నుంచి తీసుకుని ఎనిమిదో తరగతి పిల్లకు ఇచ్చింది. రెండు నెలల తరువాత మళ్లీ నాకే ఇచ్చింది. ఎందుకని అడిగితే, ‘నోడమ్మా, ఇయ్యమని అడిగింది మాబున్ని’ అంది. మాబున్ని నాతో ముందులాగా గలగలా మాట్లాడటానికి ఇంకో ఏడాది పట్టింది. ఆ ఏడాది పుస్తకంలో ఆమె గడి పక్కన పీ.బీ. రెండుసార్లు రాయాల్సి వచ్చింది. రాశాను. రెండుసార్లూ మ్యాచు అయ్యాక వచ్చి చూసి, ‘సరిగ్గానే రాసినావు’ అంది. ఆ చలికాలం మాబున్ని అనంతపురం పోయింది. కాశింసాబు గారు అంగడి మూసి, తెల్లచొక్కా వేసుకుని, స్టేషనుకు వచ్చి రైలు కదిలేదాకా మాస్కును తన చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. కదిలాక పరిగెత్తి కిటికీలోంచి అందించాడు.

ఇప్పుడు ఆ మైదానం లేదు. సంచులు పరిచిన చోట సెల్‌ఫోన్ల అంగళ్లు, ఒక కల్యాణమంటపం. బొగ్గు రైలు పోయింది, దాని మీటరుగేజీ సన్న పట్టాలూ పోయాయి. ఇప్పటి రైలు పెనుకొండలో ఆగిందో లేదో తెలిసేలోపు దాటిపోతుంది. స్టీలు గిన్నెలొచ్చాక కళాయి పూసేవాళ్లు ఒక్కొక్కరే కొలుములు ఆర్పేశారు. నవాసాగరం పొగ అంటే నా మనవరాలికి ఎలా చెప్పాలో తెలియక ఒకసారి సగంలో ఆపేశాను. కమలాక్షి టీచర్ మైసూరు వైపు వెళ్లిపోయింది. కొన్నేళ్లు ఉత్తరాలు రాసింది, తరువాత ఆగిపోయాయి. బడివాళ్లు పాత గది ఖాళీ చేసినప్పుడు మా స్కోరు పుస్తకాలన్నీ పాతకాగితాలవాడికి తూకానికి వేశారట. నేను దిద్దిన ఆ పేజీ ఏ బజ్జీల బండి మీద పొట్లమైపోయిందో. సుశీల పోయి మూడేళ్లయింది. చివరి రోజుల్లో ఆసుపత్రిలో దాని తల దువ్వింది నేనే.

మాబున్ని తనకల్లు దగ్గర ఒక ఊరికి కోడలిగా పోయి, అక్కడే చిన్నపిల్లల బడిలో పంతులమ్మగా చేసి రిటైరైంది. వారానికోసారి ఫోను చేస్తుంది. వానలు పడ్డాయా, శనక్కాయ ఎట్లుందని నేనడుగుతాను. పిల్లల సంగతులు ఆమె చెబుతుంది. ఆనాటి బంతి సంగతి ఇద్దరం ఎత్తం. ఎప్పుడు చేసినా ఫోను పెట్టేసేముందు ఒక్కటే చెప్పుకుంటుంది, మోకాళ్లు పట్టేస్తున్నాయని, కూర్చుంటే లేవలేకున్నానని. డాక్టరు వయసు వల్ల అన్నాడట.  ఆ మోకాళ్లు ఎర్రమన్నులో ఎన్నిసార్లు నేలకు ఆనాయో, ఎవరెవరి బంతుల కోసం ఆనాయో రాసిపెట్టిన కాగితం ఎక్కడా లేదు. అవతల ఆమె మెల్లగా లేచి నిలబడుతున్న చప్పుడు వినిపించేదాకా ఫోను చెవి దగ్గరే పెట్టుకుని ఉంటాను.